పిల్లల సైకిళ్ళతో గండికోట: జమ్మలమడుగు నుంచి మొదలుపెడితేనే మేలు

కడప జిల్లాలో పిల్లలతో సైకిలు యాత్ర అనగానే ముందు గండికోట పేరే వస్తుంది. ఎంపిక మంచిదే. పొరపాటంతా ఎక్కడ సైకిలెక్కాలన్న దగ్గరే జరుగుతుంది. ఎర్రగుంట్ల నుంచో ముద్దనూరు నుంచో తొక్కుకుంటూ పోదామంటే ఆ రోడ్ల మీద సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు, థర్మల్ కేంద్రం బూడిద మోసే బండ్లు ఎడతెరిపి లేకుండా తిరుగుతుంటాయి. పెద్ద లారీ దాటేటప్పుడు దాని గాలి ముందు సైకిలును అంచుకు తోస్తుంది, లారీ తోక దాటగానే రోడ్డు మధ్యకు లాగుతుంది. పెద్దవాళ్ళ బరువుకు ఇది పెద్దగా తెలియదు. ఇరవై కిలోల పిల్లాడు మాత్రం అడుగు దూరం పక్కకు జరుగుతాడు. అందుకే జమ్మలమడుగు దాకా సైకిళ్ళు కారు మీదే పోవాలి. అక్కడి నుంచి కోటకు 15 కిలోమీటర్లు.

పిల్లలు ఆ దూరం తొక్కగలరా అన్నది రెండో ప్రశ్న. గీత మీద నడపగలరా అన్నది మొదటిది. ఏదైనా మైదానంలో సుద్దతో ఇరవై అడుగులు గీత గీయండి. పిల్లను ఆ గీత మీద తొక్కమని, మధ్యలో వెనక నుంచి పేరు పెట్టి పిలవండి. తిరిగి చూసిన ప్రతిసారీ సైకిలు కూడా కుడికి తిరుగుతుంటే ఇంకా రోడ్డుకు సమయం కాలేదు. చూపు ఎటు పోతే భుజం అటు పోతుంది, భుజం వెంట హ్యాండిల్ పోతుంది. ఎడమ చెయ్యి గట్టిగా పెట్టి, గడ్డం మాత్రమే భుజం దాకా తిప్పడం నేర్పాలి. రోజుకు పదిసార్ల చొప్పున చేయిస్తే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. ఇక పక్క చక్రాల మీద ఉన్న చిన్నపిల్లలైతే వాటిని ఊడదీసి, పెడళ్ళు కూడా తీసేసి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించి నెట్టుకుంటూ పోనివ్వండి. పక్క చక్రాలు ఉన్నంతకాలం ఒంటిని వాల్చి తిప్పడం ఒంటబట్టదు.

కడపలో ఉన్నవాళ్ళు ఈ సాధనను మెల్లగా రోడ్డు మీదికి తేవడానికి దేవుని కడప దారి పనికొస్తుంది. ఆదివారం తెల్లవారుజామున గుడి దాకా పోయి రావడం చిన్నపిల్లలకు సరిపోయే దూరం. ఉగాది రోజు మాత్రం అటు పోవద్దు. వెంకటేశ్వరుడి దర్శనానికి ముస్లింలు కూడా తరలివచ్చే రోజది, సైకిలు కాదు కదా నడిచే చోటు కూడా దొరకదు.

సైకిలు కొలత విషయంలో "పెరుగుతాడులే" అని పెద్దది కొనడం మన ఇళ్ళలో పాత అలవాటు. చొక్కాకైతే చెల్లుతుంది, సైకిలుకు చెల్లదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళకు 20 అంగుళాల చక్రం, తొమ్మిది దాటితే 24, అదీ కాలి పొడవు చూసి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకు ఆనాలి. బ్రేకు లీవరు పిల్ల వేళ్ళకు అందకపోతే, చాలా సైకిళ్ళలో లీవరు మొదట్లో చిన్న మర ఉంటుంది. దాన్ని బిగిస్తే లీవరు హ్యాండిల్ వైపుకు వస్తుంది. గట్టిగా నొక్కినా లీవరు హ్యాండిల్‌కు తగలకూడదు. హెల్మెట్టు కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన ఉండాలి, వెనక్కి జారి నుదురంతా కనిపిస్తుంటే అది టోపీతో సమానం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఈ యాత్ర. జూన్ తర్వాత పడమటి గాలి మొహాన కొడుతుంది, ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. కోట జమ్మలమడుగుకు పడమర ఉంది కాబట్టి ఉదయం పోయేటప్పుడు ఎండ వీపు మీదే, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ వీపు మీదే. తెల్లారగానే బయలుదేరితే, ప్రతి ఇరవై నిమిషాలకూ ఆగుతూ పోయినా రెండున్నర గంటల్లో కోట చేరవచ్చు. మొదటి సగం తేలిక. కొండ మీదికి ఎక్కే భాగంలో గేర్లు లేని 20 అంగుళాల సైకిలును నెట్టుకుంటూ నడవడమే. అందులో చిన్నతనమేమీ లేదని ముందే చెప్పి ఉంచితే ఏడుపులుండవు. ఏడేళ్ళ లోపు వాళ్ళను మొదటి ఐదారు కిలోమీటర్లు తొక్కించి కారెక్కించండి.

పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. ఒక్కరే అయితే వెనక, పిల్ల సైకిలుకు కాస్త కుడివైపుగా. అప్పుడు వెనక వచ్చే బండ్లు పెద్దవాళ్ళను చూసి పక్కకు తప్పుకుంటాయి. కారు సైకిళ్ళ వెనకే పాకుతూ రాకూడదు. దాన్ని దాటబోయే బండ్లన్నీ సరిగ్గా పిల్లల పక్కకే వచ్చి ఎడమకు కోస్తాయి. రెండు కిలోమీటర్లు ముందుకు పోయి చెట్టు నీడన ఆగడమే కారు పని.

ఇంత చేసినా ఈ దారిలో యాత్రను ఆపేది ముల్లే. రోడ్డంచు మట్టిలో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. బస్సు హారన్ కొట్టగానే పిల్లలు మట్టిలోకి దిగుతారు, పంచరు అక్కడే. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దిగాల్సి వస్తే సైకిలు ఆపి దిగడమే తప్ప తొక్కుతూ దిగకూడదని నేర్పాలి.

పంచరు అయితే ముల్లు వెంటనే పీకకండి. అది ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోతుంది, నీడ దాకా నెట్టుకుపోవచ్చు. ట్యూబు తీశాక చిల్లు చుట్టూ గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీదే ప్యాచి వేస్తే ఎండకు లేచిపోతుంది. టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవడం మరవకండి. విరిగిన ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని వదిలేస్తే వంద గజాల్లో మళ్ళీ పంచరే. పక్కపక్కన రెండు చిల్లులు కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. టైరు పక్కన అచ్చేసిన హద్దు లోపు, 35 పీఎస్‌ఐ దగ్గర గాలి ఉంటే ఈ బెడద తక్కువ.

బైకు వాల్వు ఉన్న ట్యూబైతే బైకు పంచరు కొట్లో గాలి పట్టవచ్చు. అయితే కంప్రెసరు గొట్టం రెండు సెకన్లు ఎక్కువ పెట్టినా చిన్న ట్యూబు పేలుతుంది, చేతి పంపే మేలు. పాత రకం రబ్బరు గొట్టం వాల్వు అయితే సైకిలు షాపు పంపే కావాలి. 20 అంగుళాల ట్యూబు దారిలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. రెండు ట్యూబులు, 14, 15 నంబర్ల పానాలు వెంట ఉండాలి.

బసకు గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ప్రైవేటు గుడారాలూ ఉన్నాయి. పిల్లలతో హరితే మా ఎంపిక: గోడలు, స్నానాల గది, తిండి ఒకేచోట. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. కింది గది అడిగితే సైకిళ్ళు లోపలే పెట్టుకోవచ్చు. గుడారాలు రాత్రి ఆకాశం చూడ్డానికి బాగుంటాయి కానీ ఆ నేల మీద సైకిలు దొర్లించారా, ముళ్ళు దిగి పొద్దున్నే రెండు టైర్లలోనూ గాలి ఉండదు. ఎత్తుకుని తేవాలి. మందులైనా ఆసుపత్రైనా మళ్ళీ జమ్మలమడుగే గతి, ఆ లెక్కన కారు తాళం దగ్గరుంచుకోండి.

తిండి సంగతి: తొక్కే ముందు ఎర్రకారం దోసె పిల్లలకు వద్దు, దాహంతో సగం దారిలో కూలబడతారు. పులివెందుల అరటిపండ్లు, చెనక్కాయ ఉండలు, చిటికెడు ఉప్పు వేసిన నిమ్మనీళ్ళు సరిపోతాయి. రాగి సంగటి కోట చేరాక.

కోట గుమ్మం దాటాక సైకిలు పని లేదు. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం నడిచే చూడాలి. పెన్నా లోయ అంచున కమ్మీలు లేవు, తొక్కి అలసిన పిల్లల కాళ్ళు వణుకుతుంటాయి. అక్కడ చెయ్యి వదలకండి. తిరుగు దారిలో దిగుడు కూడా అంతే. బ్రేకు నొక్కి నొక్కి చిన్న వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మధ్యలో రెండుసార్లు ఆపి చేతులు విదిలించమనాలి. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళ సైకిళ్ళు దిగుడు అయ్యేదాకా కారు మీదే.

రెండో రోజు ఓపిక ఉంటే మైలవరం ఆనకట్ట. బెలుం గుహలు కారులోనే, అంత దూరం పిల్లలు తొక్కేది కాదు. కడప నుంచి పుష్పగిరి సుమారు 16 కిలోమీటర్లే అయినా మొదటి భాగం కర్నూలు హైవే, మలుపు దాకా కారులో పోయి అక్కడ సైకిళ్ళు దించుకోవాలి. పెన్నలో నీళ్ళుంటే ఊరికీ చెన్నకేశవ ఆలయానికీ మధ్య ఏరు అడ్డం, కనుక్కుని బయలుదేరండి. ఒంటిమిట్ట తిరుపతి రోడ్డు మీద ఉంది, పాతిక కిలోమీటర్లూ బస్సుల ఒరవడే. అక్కడికి సైకిళ్ళు ఇంట్లో పెట్టి పొండి.