ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్: బాగు చేయించాలా, 6.7కి మారాలా?

2003 నుంచి 2007 దాకా ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లలో వచ్చిన ఈ నావిస్టార్ కంపెనీ 6.0 లీటర్ల డీజిల్ ఇంజన్ పేరెత్తితే చాలు, హెడ్ గ్యాస్కెట్లు (సిలిండర్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీళ్లు) పోతాయంటారు. పోతాయి, నిజమే. కానీ జబ్బు మొదలయ్యేది ఆయిల్ కూలర్ దగ్గర.

రెండు హెడ్ల మధ్య, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుందది. దాంట్లో కూలెంట్ పోయే దారులు చాలా సన్నం. పోత పోసినప్పుడు బ్లాకులో మిగిలిన ఇసుక, పాత కూలెంట్‌లోంచి విడిపోయిన సిలికేట్ జిగురు అక్కడే పేరుకుంటాయి. ఇంజన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్‌ని చల్లార్చే ఈజీఆర్ కూలర్‌కి కూలెంట్ దీని గుండానే వెళ్లాలి. ధార తగ్గేసరికి, ఎగ్జాస్ట్ వేడికి అక్కడున్న కాస్త కూలెంటూ మరిగిపోయి ఈజీఆర్ కూలర్ పగులుతుంది. ఇక పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తుంది. కూలెంట్ సిలిండర్‌లోకి దిగితే ఆ ఒత్తిడికి హెడ్ లేస్తుంది, ఒక్కో సిలిండర్ చుట్టూ ఉన్నవి నాలుగే బోల్టులు మరి.

పట్టుకోవడం తేలికే. స్కానర్ తగిలించి, ఇంజన్ బాగా వేడెక్కాక, చదును రోడ్డు మీద గంటకు 65 మైళ్ల వేగంతో నిలకడగా నడపండి. కూలెంట్ కన్నా ఆయిల్ 15 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి మించి వేడిగా ఉంటే కూలర్ మూసుకుపోతున్నట్టే. కూలెంట్ నిలవుండే డీగ్యాస్ బాటిల్ మూత చుట్టూ తెల్లటి పొర గట్టిపడి ఉందంటే కూలెంట్ పొంగుతోంది. మూత కొత్తది వేసినా ఆగకపోతే గ్యాస్కెట్‌నే అనుమానించాలి.

ఇంజెక్టర్లకి కరెంటిచ్చే ఎఫ్‌ఐసీఎం 48 వోల్టులు ఇవ్వాలి. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేస్తూ చూడండి, 45కి దిగితే అది పోతున్నట్టు. దాన్ని ఎక్కువగా చంపేది నీరసించిన బ్యాటరీలే, మారిస్తే రెండూ కలిపే మార్చాలి. ఫ్యూయల్ ప్రెషర్ 45 పీఎస్‌ఐ కిందికి పోతే ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. మెకానిక్‌లు బ్లూ స్ప్రింగ్ అనే రెగ్యులేటర్ కిట్ దానికి చౌకైన మందు.

కూలర్ మార్చేముందు సిస్టమంతా కడిగించి తీరాలి. లేదంటే మిగిలిన మురికి కొత్తదాన్నీ మూసేస్తుంది. తర్వాత సిలికేట్ లేని కూలెంటే పోయించండి. హెడ్లు ఎలాగూ విప్పితే అవి వంగాయేమో చూపించి, పాత బోల్టుల బదులు స్టడ్లు (నట్లతో బిగించే కడ్డీలు) వేయించడం మంచిది.

మారాలనుకుంటే 2008–2010 నాటి 6.4 లీటర్ల ఇంజన్ జోలికి వెళ్లొద్దు. ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌ని శుభ్రం చేసుకోవడానికి అది సిలిండర్లలోకే అదనంగా డీజిల్ చల్లుతుంది, అందులో కొంత ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ కనిపించడం అందుకే.

2011 నుంచి వచ్చిన 6.7 లీటర్లది ఫోర్డ్ సొంత ఇంజన్, బ్లాకు గట్టిది. భయమంతా డీజిల్‌ని అధిక ఒత్తిడితో పంపే బాష్ సీపీ4 పంపు గురించే. లోపల అరిగి ముక్కలైతే ఆ లోహపు పొడి ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టాలు (ఫ్యూయల్ రైల్స్), ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఫ్యూయల్ సిస్టం మొత్తం మార్చాల్సిందే. కొనేముందు పంపు మీది వాల్యూమ్ కంట్రోల్ వాల్వ్ విప్పించి, దాని జల్లెడని వెలుతురుకి పట్టి చూడండి. వెండి పొడిలా మెరిసే రేణువులుంటే ఆ బండి వదిలేయండి.

6.0లో ఆయిల్-కూలెంట్ వేడి తేడా, ఎఫ్‌ఐసీఎం వోల్టేజీ, ఫ్యూయల్ ప్రెషర్ మూడూ సరిగ్గా ఉంటే మారడం దండగ. తేడా పెరిగినా కూలెంట్ ఇంకా పొంగకపోతే రెండు కూలర్లూ మార్పించి ఉంచుకోండి. కూలెంట్ పొంగుతూ, ఇంజెక్టర్లు కూడా కొట్టుకుంటుంటే మాత్రం ఆ డబ్బు 6.7కి పెట్టడమే మేలు.