ఫోన్ చూసి కళ్ళు మండుతుంటే ఏది మేలు? బ్లూ కట్ అద్దాలా, డార్క్ మోడా, చుక్కలా, లేక ఊరికే ఫోన్ దూరం జరపడమా?

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు మనవాళ్ళని ఎవర్ని కదిపినా సాయంత్రానికి ఇదే మాట, కళ్ళు లాగేస్తున్నాయి, మండుతున్నాయి, ఇసక పడ్డట్టు గరగరలాడుతున్నాయి అని. పగలంతా లాప్‌టాప్, రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగినంతసేపూ రీల్స్, రూమ్‌కొచ్చి పడుకున్నాక మళ్ళీ ఫోన్. ఏం చెయ్యాలిరా అంటే ఒకడు బ్లూ కట్ అద్దాలు కొనమంటాడు, ఇంకొకడు డార్క్ మోడ్ పెట్టమంటాడు, మెడికల్ షాపుకెళ్తే ఒక చుక్కల సీసా చేతిలో పెడతారు.

ఏది పని చేస్తుందో తేలాలంటే ముందు కంట్లో జరిగేది తెలియాలి. ముఖ్యంగా రెండు జరుగుతాయి. ఒకటి, మామూలుగా మనం నిమిషానికి ఓ 15 సార్లు రెప్ప వేస్తాం, స్క్రీన్ చూస్తుంటే అది సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది, వేసే రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు, దాంతో కంటి మీద ఉండే కన్నీటి పొర ఆరిపోతుంది. రెండోది, దగ్గరివి చూడాలంటే కంట్లో లెన్స్ చుట్టూ ఉన్న చిన్న కండరం బిగుసుకోవాలి, ఫోన్ ఎంత దగ్గరుంటే అంత గట్టిగా, అలా గంటలు గంటలు బిగిసే ఉంటే లాగదా మరి. ఈ రెండిట్లో దేనికి మందు అవుతుందో చూసే ఏ ఉపాయాన్నైనా తూచాలని నా అభిప్రాయం.

అలా తూస్తే బ్లూ కట్ అద్దాలు తేలిపోతాయి. రెప్పలు పెంచవు, కండరానికి విశ్రాంతి ఇవ్వవు, నీలి కాంతిని కొంచెం ఆపుతాయి అంతే, అసలు ఫోన్ నుంచి వచ్చే నీలి కాంతి పగటి వెలుతుర్లో ఉండేదాని ముందు చాలా తక్కువ. 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే సంస్థ) వాళ్ళు 17 ట్రయల్స్ ఒకచోట పెట్టి చూస్తే మామూలు అద్దాల కన్నా వీటితో కళ్ళ అలసట తగ్గినట్టు కనపడలేదు, కనీసం కొద్దికాలపు వాడకంలో. అమెరికా కంటి డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ కూడా కంప్యూటర్ కోసం స్పెషల్ అద్దాలేవీ అక్కర్లేదనే అంటుంది. కళ్ళద్దాల షాపులో బిల్లు వేసేటప్పుడు ఆ కోటింగ్‌కి అదనంగా అడిగితే ధైర్యంగా వద్దని చెప్పండి, నెలాఖర్లో ఆ డబ్బులు మనకి చాలా వాటికి పనికొస్తాయి.

కానీ అద్దాలే వద్దనుకోకండి. సరైన పవర్ వేరే సంగతి. కొంచెం సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేకపోతే ఇచ్చే పవర్) ఉండి అద్దాలు పెట్టుకోకపోయినా, నాలుగేళ్ళ కిందటి పవర్‌తోనే నెట్టుకొస్తున్నా కళ్ళు రోజంతా కష్టపడుతూనే ఉంటాయి, దానికి ఏ మోడూ ఏ చుక్కా పనిచెయ్యవు. నన్నడిగితే మొదటి ఖర్చు సైట్ చెకప్‌కే పెట్టాలి.

డార్క్ మోడ్ సంగతి మనిషిని బట్టి. లైటార్పేసిన గదిలో తెల్లటి స్క్రీన్ కళ్ళలో గుచ్చుకుంటుంది కాబట్టి అక్కడ హాయిగానే ఉంటుంది. వెలుతుర్లో మాత్రం నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలు చదవడం చాలామందికి కష్టం, సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళకి ఆ అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, మన తెలుగు అక్షరాల గుడులూ కొమ్ములూ ఒత్తులూ అయితే మరీను. రెప్పల లెక్క దీంతో మారదు, దూరమూ మారదు. దీనికన్నా గదిలో వెలుతురుకి సరిపడా బ్రైట్‌నెస్ పెట్టుకుని అక్షరాల సైజు ఒకటి రెండు మెట్లు పెంచుకోవడం మేలు. ఇంకోటి, చాలా ఓఎల్ఈడీ (స్క్రీన్‌లో ప్రతి చుక్కా తనే వెలిగే రకం) ఫోన్లు బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడు లైట్‌ని మనకి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి, కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది, మీకూ అలా అనిపిస్తే మరీ కిందికి దించకండి.

చుక్కలు పనిచేస్తాయి, ఎందుకంటే ఆరిపోయిన పొరని నేరుగా తడుపుతాయి. ఫిబ్రవరి మార్చిలో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది, పైన ఆఫీసు ఏసీ, క్యాబ్‌లో ఏసీ గాలి సూటిగా మొహానికి కొడుతుంది (ఆ రెక్కలు పక్కకి తిప్పేయండి, దాంతోనే కొంత తేడా తెలుస్తుంది). చెన్నైలో బయటంతా చెమ్మే అయినా ఏసీ గదిలో కూర్చుంటే కళ్ళు ఆరేది ఆరేదే. ఇక్కడ కావాల్సింది లూబ్రికెంట్ చుక్కలు, సీసా మీద కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి పేరు ఉంటుంది. రోజుకి నాలుగు సార్ల కన్నా ఎక్కువ కావాల్సొస్తే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేనివి అడగండి. భయపడాల్సింది మిగతా రెండు రకాల గురించి. ఎర్రదనం పోగొట్టే చుక్కలు అప్పటికి తెల్లగా చేస్తాయి, అలవాటుగా వాడి ఆపితే ఎరుపు మళ్ళీ ఎక్కువై వస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి వేసుకుంటే కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లాలు రావచ్చు, చూపే పోయే వ్యవహారం అది. పక్క రూమ్ వాళ్ళు వాడి మిగిల్చిన సీసా ఎప్పుడూ తీసుకోవద్దు, దయచేసి.

అన్నిటికన్నా నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం పైసా ఖర్చు లేని దూరానికే. లెక్క చూడండి, ఫోన్ 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కన్ను 5 డయాప్టర్ల (లెన్స్ పవర్‌ని కొలిచే లెక్క) పని చెయ్యాలి, అదే 40 సెంటీమీటర్లకి జరిపితే 2.5, అంటే సరిగ్గా సగం. అదే సినిమా మూడు మీటర్ల దూరంలో టీవీలో చూస్తే కండరం మీద పని దాదాపు లేనట్టే. ఐఫోన్‌లో 2023 నుంచి స్క్రీన్ డిస్టెన్స్ అని ఉంది, 12 అంగుళాల కన్నా దగ్గర చాలాసేపు పెడితే అదే ఆపి చెప్తుంది, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇంట్లో అది ఆన్ చేసి పెట్టాలి. వెల్లకిలా పడుకుని ఫోన్ మొహం మీద పట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డది, దగ్గరవుతుంది, పైకి చూడాల్సొచ్చిన కొద్దీ రెప్పలు ఎక్కువ తెరుచుకుని కన్ను ఇంకా తొందరగా ఆరిపోతుంది. కూర్చుని కొంచెం కిందికి చూసేలా పట్టుకోండి.

దీనితోపాటు 20-20-20, ప్రతి 20 నిమిషాలకి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. అలారం పెట్టుకుని చేసేవాళ్ళు నాకైతే పెద్దగా కనపడలేదు, కానీ సిల్క్ బోర్డ్ సిగ్నల్ పడ్డప్పుడల్లా ఫోన్ దించి కిటికీలోంచి మెట్రో లైన్ వైపు చూస్తూ నాలుగు సార్లు కళ్ళు నిండుగా మూసి తెరవడం ఎవరైనా చెయ్యగలరు. కదిలే బస్సులో ఫోన్ కూడా ఊగుతూ ఉంటుంది, అక్కడ చదవడం కన్నా వినడం మేలు, పాటలో వార్తలో పెట్టుకోండి.

నలభై దాటినవాళ్ళ లెక్క వేరు. వాట్సాప్ చదవడానికి చెయ్యి చాపి చూస్తున్నారంటే అది చత్వారం, వాళ్ళకి దూరం జరపమని చెప్పి లాభం లేదు, దగ్గరి అద్దాలు చేయించాలి.

ఒక కన్ను బాగా నొప్పి పెట్టినా, చూపు ఉన్నట్టుండి మసకబారినా, వెలుగు చూడలేకపోతున్నా, మెరుపులు మెరిసినట్టు ఉండి నల్ల చుక్కలు తేలుతున్నా అది ఫోన్ అలసట అనుకుని కూర్చోవద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్ళండి. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే బెంగళూరులో చామరాజపేట దగ్గర మింటో కంటి ఆసుపత్రి ఉంది, చెన్నైలో అయితే 1819 నుంచి నడుస్తున్న ఎగ్మోర్ కంటి ఆసుపత్రి ఉంది, రెండూ ప్రభుత్వానివే.