చెసాపీక్ అడుగు నీటికి సీసా మేలా, సెన్సార్ మేలా?

అమెరికా తూర్పు తీరంలో మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాల్లోకి చొచ్చుకొచ్చిన చెసాపీక్ బే (అఖాతం) పొడవు దాదాపు 320 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 7 మీటర్లు కూడా లేదు. అయినా మధ్యలో ఉన్న లోతైన పాయలో ఏటా వేసవిలో అడుగు నీటికి ఊపిరాడదు. పొలాల నుంచి, మురుగు నుంచి వచ్చే నత్రజని, భాస్వరాలతో నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కిందికి దిగి కుళ్లుతుంది. నదుల మంచినీరు తేలిగ్గా పైన, ఉప్పునీరు బరువుగా కింద ఉండిపోతాయి కాబట్టి పైనున్న ఆక్సిజన్ అడుగుకు చేరదు. అది లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు, పీతలు తప్పుకుంటాయి. కదల్లేని ఆల్చిప్పలకు ఆ అవకాశం లేదు. అందుకే పై నీరు కొలిచి బే బాగుందంటే నేను ఒప్పుకోను.

అడుగు నీటిని ఎలా కొలవాలి? పాత దారి సీసా. రెండు వైపులా మూతలు తెరిచిన నిస్కిన్ సీసాను పడవ మీంచి దించి, కావలసిన లోతులో మూసి, పైకి లాగుతారు. ఆ నీటిని చిన్న గాజు సీసాలోకి ఒక్క బుడగ కూడా రాకుండా పట్టాలి. ఆ తర్వాత నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే 1888 నాటి వింక్లర్ పరీక్ష: మాంగనీస్, అయోడైడ్ మందులు కలిపితే ఆక్సిజన్ ఉన్న కొద్దీ గోధుమ రంగు ముద్ద కడుతుంది. ఆమ్లం పోసి, థయోసల్ఫేట్‌తో కొలుస్తారు. చేయి తిరిగినవాళ్లు చేస్తే దీని మాట నమ్మొచ్చు. కానీ కుళ్లిన గుడ్ల వాసన వచ్చే నీటిలో, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట, ఈ పరీక్ష కూడా తప్పుతుంది.

పడవ మీంచి సెన్సార్ దించడం ఇంకో దారి. నిమిషాల్లో పైనుంచి కిందిదాకా ఉప్పు, వేడి, ఆక్సిజన్ అన్నీ తెలుస్తాయి. 1984 నుంచి చెసాపీక్‌లో నిర్ణీత చోట్ల ఇలా కొలుస్తూనే ఉన్నారు. ఏళ్ల తరబడి మార్పు చూడాలంటే ఇదే ఆధారం. అయితే పడవ నెలకు ఒకటి రెండు సార్లే వస్తుంది. మధ్యలో ఒక రాత్రి గాలి తిరిగి ఆక్సిజన్ లేని నీరు ఒడ్డువైపు ఎగదన్నితే అది ఎవరికీ కనబడదు.

ఆ రాత్రిని పట్టేది అక్కడే కట్టి ఉంచిన సెన్సార్. పదిహేను నిమిషాలకోసారి రాస్తుంది. దీనికి శత్రువు పాచి. వేసవి నీటిలో కొద్ది వారాల్లోనే పాచి, పెంకు జీవులు పట్టేస్తాయి. తుడిచే బ్రష్ ఉన్నా అంకె మెల్లగా పక్కకు జారుతుంది, చూసేవాళ్లకు తెలియదు కూడా. బురదను తాకేలా దించితే చదివేది నీటిని కాదు, బురదను. మీటరు ఎత్తున కడితే మేలు.

డబ్బు ఒక్కదానికే ఉందంటే నేను కట్టి ఉంచే సెన్సార్‌కే ఓటేస్తాను. తప్పుకోలేని పీత చావడానికి ఒక్క రాత్రి చాలు కదా. కానీ శుభ్రం చేయడానికి వెళ్లిన ప్రతిసారీ దాని పక్కనే ఒక సీసా నీళ్లు పట్టి వింక్లర్ చేయాలి, శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి. శుభ్రం చేయకముందు సెన్సార్ అంకెకూ, వింక్లర్ అంకెకూ తేడా ఎంతో, అంతవరకూ సెన్సార్ మనల్ని తప్పుదారి పట్టించినట్టు.