పెరుగుదల చార్టు: పదిహేనేళ్ల వాడకం తర్వాత

కోనసీమలోని ఒక లంక గ్రామంలో అంగన్‌వాడీ కార్యకర్తగా పదిహేనేళ్లుగా ప్రతి నెలా పిల్లల బరువు తూచి, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని పెరుగుదల చార్టు మీద చుక్క పెట్టి, దాన్ని కిందటి నెల చుక్కతో కలుపుతున్నాను. ఆకుపచ్చ పట్టీలో ఉంటే సాధారణ బరువు, పసుపులోకి దిగితే తక్కువ, నారింజలోకి దిగితే అతి తక్కువ. 2021లో మొదలైన పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లోనూ ఇవే బరువులు నమోదు చేస్తున్నాము.

చార్టు విలువ నాకు బాగా తెలిసింది 2022 జులై వరద తీసిన తర్వాత. ఏడాది నిండిన ఒక పాప 8.2 కిలోలు తూగింది. మరుసటి నెలా 8.2, ఆపై నెల 8.1. ఆ వయసుకు ఆ బరువు ఆకుపచ్చలోనే ఉంటుంది గనుక మూడు నెలలూ ఆ పాప సాధారణం కిందనే లెక్కకు వచ్చింది, ఆ లెక్క తప్పూ కాదు. కానీ చార్టు మీద గీత లేవకుండా పడుకుని, చివర కిందికి వంగింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె వేలు పట్టుకుని ఆ గీత వెంట నడిపించాను. “పెద్దగా తగ్గలేదు కదండీ” అంది. “ఈపాటికి పెరగాలి కదమ్మా” అన్నాను. అప్పుడు చెప్పింది: వరద నాటి నుంచి విరేచనాలు తగ్గి మళ్లీ వస్తున్నాయని, తాను కూలికి వెళితే మామ్మ చారన్నమే పెడుతోందని. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారికి చూపించి, ఓఆర్ఎస్, జింకు ఇప్పించి, పప్పూ గుడ్డూ పెట్టించాక వచ్చే నెలకు 8.5 తూగింది.

లోపాలూ ఉన్నాయి. కార్డు తడిస్తే రంగులు కలిసిపోతాయి. ఇటుక బట్టీలకు వలస వెళ్లిన కుటుంబం కార్డు పోగొట్టుకుంటే పాత చుక్కలన్నీ పోతాయి. ఈ విషయంలో ఫోనే మేలు, ఎందుకంటే బిడ్డ వివరాలు మరో కేంద్రానికి బదిలీ అవుతాయి. గీత ఎందుకు పడుకుందో రాసుకునే చోటు చార్టులో లేదు గనుక నేను అంచున పెన్సిలుతో “విరేచనాలు”, “వలస” అని రాస్తాను. మరుసటి నెల ఏమి అడగాలో ఆ ఒక్క మాటే గుర్తు చేస్తుంది.

సమావేశాల్లో ఎంతమందిని తూచారన్నదే ముందు అడుగుతారు. ఎంతమంది గీత పడుకుందని కూడా అడిగితే, ఆకుపచ్చలో ఉంటూనే ఎదగని పిల్లలు నారింజ దాకా దిగకముందే మా అందరి కంటా పడతారు.