సువాయ్ హంతకులకు ఏ విచారణ మేలు: జకార్తా, దిలీ, చాప?

1999 ఆగస్టు 30న తూర్పు తిమోర్‌లో ఓటేసినవారిలో 78.5 శాతం మంది ఇండొనేషియా పాలన వద్దన్నారు. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 6న, అక్కడి సువాయ్ పట్టణంలోని చర్చిలో తలదాచుకున్న జనం మీద ఇండొనేషియా పక్షాన ఉన్న సాయుధ ముఠా లక్సౌర్ మిలీషియా విరుచుకుపడింది. దానికి ఇండొనేషియా సైన్యం, పోలీసుల అండ ఉంది. ముగ్గురు ఫాదర్లను చంపారు. శవాలను సరిహద్దు దాటించి ఇండొనేషియాకు చెందిన పడమటి తిమోర్‌లో పూడ్చిపెట్టారు. నవంబరులో తవ్వితే ఫాదర్లతో సహా 26 శవాలు బయటపడ్డాయి.

ఇలాంటి నేరాలకు న్యాయం పేరిట మూడు దారులు తెరుచుకున్నాయి.

ఒకటి, ఇండొనేషియా రాజధాని జకార్తాలోని ప్రత్యేక మానవ హక్కుల కోర్టు. నిందితులైన అధికారులు ఆ దేశంలోనే ఉన్నారు, పిలిస్తే రాక తప్పదు. అయినా విచారించిన 18 మందిలో శిక్ష పడింది ఆరుగురికే. అప్పీళ్లలో ఆ ఆరుగురూ బయటపడ్డారు; ఇలాంటిదే మరో ముఠా ఐతారక్ మిలీషియా నాయకుడు యురికో గుతెర్రెస్ 2008లో అందరికంటే చివర. సువాయ్ కేసులో ఐదుగురు అధికారులను కింది కోర్టే వదిలేసింది. దీన్ని న్యాయమనడానికి నాకు నోరు రాదు.

రెండోది తూర్పు తిమోర్ రాజధాని దిలీలో ఐక్యరాజ్యసమితి పెట్టిన ప్రత్యేక ప్యానెళ్లు. ప్రతి ప్యానెల్‌లో ఇద్దరు విదేశీ న్యాయమూర్తులు, ఒక తిమోర్ న్యాయమూర్తి. లోస్ పాలోస్ దగ్గర కన్యాస్త్రీలతో, ఒక విలేకరితో వెళ్తున్న వాహనాన్ని అడ్డగించి తొమ్మిదిమందిని చంపిన 'టీమ్ ఆల్ఫా' మిలీషియా మీద 2001 డిసెంబరులో తీర్పు వచ్చింది. మానవాళిపై నేరాలకు అక్కడ పడిన తొలి శిక్షలు అవే. 2005 మేలో మూసేసే నాటికి 84 మంది దోషులుగా తేలారు. వారిలో ఎక్కువమంది ఆజ్ఞలు పాటించిన పల్లెటూరి మనుషులు. ఆజ్ఞలిచ్చినవాళ్లు ఇండొనేషియాలో ఉండిపోయారు. ఇండొనేషియా మాజీ సైన్యాధిపతి విరాంతో మీద 2003లో అభియోగం మోపినా, ఆయనను అప్పగించిన వారు లేరు.

మూడోది చాప. ఊరి పెద్దల ముందు చాప పరిచి, ఇళ్లు తగలబెట్టినవాడు, దొంగిలించినవాడు బాధితుల ఎదుటే తప్పు ఒప్పుకుంటాడు. క్షమాపణ అడుగుతాడు, ఊరికి పనిచేసి పెడతాడు. ఒప్పందాన్ని కోర్టు నమోదు చేస్తుంది. దాదాపు 1,400 మంది ఇలా తిరిగి ఊళ్లో కలిశారు. హత్య, అత్యాచారం ఆ చాప మీదికి రావు. రానివ్వకపోవడం ఎంతో సబబు. ఫాదర్లను నరికినవాణ్ణి క్షమించమని ఏ తల్లినీ ఊరంతా చూస్తుండగా అడగకూడదు.

కాలిన ఇళ్లకు చాపే మేలు. ప్రాణాలకు మాత్రం దిలీ ప్యానెళ్లే మేలంటాను. అయితే అవి మోపిన అభియోగాల బలం దిలీలోని తిమోర్ ప్రభుత్వం ఎంత గట్టిగా నిలబడితే అంత. సువాయ్ మారణకాండలో అభియోగం ఎదుర్కొంటున్న లక్సౌర్ నాయకుడు మాటెర్నస్ బేరే 2009 ఆగస్టులో తిమోర్‌లో అడుగుపెట్టి పోలీసులకు చిక్కాడు. ప్రజాభిప్రాయ సేకరణకు సరిగ్గా పదేళ్లు నిండిన రోజునే ప్రభుత్వం అతణ్ణి ఇండొనేషియా అధికారులకు అప్పగించింది. పొరుగుదేశంతో స్నేహం కోసమట! బేరే పేరు అభియోగ పత్రానికెక్కింది దిలీలోనే. జకార్తా విచారించిన 18 మందిలో అతడు లేడు.