చిన్న అక్షరాల్లో ఉన్న పేర్ల కోసం: ద్రాస్, చుషుల్, ఢిల్లీ

యుద్ధ స్మారకానికి వెళ్తే మనం ఫోటో దిగేది అధికారి విగ్రహం పక్కన. సిపాయిల పేర్లు పలక మీద వరుసగా ఉంటాయి, వాటి ముందు నిలబడి చదివేవాళ్లు తక్కువ. మామూలు జవానుకు ఎక్కడ ఎంత చోటిచ్చారో చూడాలనే ఈ లద్దాఖ్ ప్రయాణం పెట్టుకున్నాను. తిరుగు దారిలో ఢిల్లీలోనూ ఆగాను.

కార్గిల్ యుద్ధ స్మారకం ద్రాస్‌లో శ్రీనగర్–లేహ్ రహదారి పక్కనే ఉంది. టికెట్ లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఎదురుగా తోలోలింగ్, దూరంగా టైగర్ హిల్. కథ చెప్పేది జవానే, శిఖరం వైపు చెయ్యి చూపించి మరీ చెబుతాడు. 18 గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు చెందిన యోగేంద్ర సింగ్ యాదవ్ సంగతి అక్కడ నిలబడి తలచుకుంటే వేరుగా ఉంటుంది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఒంటినిండా తూటాలు దిగినా టైగర్ హిల్ మీద పోరాడాడు. పరమవీరచక్ర ప్రకటించినప్పుడు మరణానంతరం అని రాశారు. అదే పేరున్న మరో జవాను చనిపోయాడు, ఇతను మాత్రం ఆస్పత్రిలో కోలుకుంటున్నాడు! పేరుతో సహా గుర్తించడం ఎంత కష్టమో ఈ ఒక్కదానితో తెలిసిపోతుంది.

బస మాత్రం ద్రాస్‌లో వద్దు. నాకు దొరికిన గదిలో రాత్రంతా వేడి నీళ్లు లేవు, అడిగితే పొద్దున ఇస్తామన్నారు, పొద్దున కూడా ఇవ్వలేదు. అరవై కిలోమీటర్ల దూరంలోని కార్గిల్ పట్టణంలో దిగి ఉదయాన్నే రావడం మేలు. సందర్శకుల బస్సులు వచ్చేలోపే స్మారకంలో ప్రశాంతంగా తిరగవచ్చు.

1962 చైనా యుద్ధ స్మారకం ఉన్న చుషుల్ దారి వేరు. లేహ్‌లో కనీసం రెండు రోజులు ఒళ్లు అలవాటు పడనిచ్చి, చాంగ్ లా కనుమ దాటి, పాంగాంగ్ సరస్సు ఒడ్డున మాన్, మెరాక్ మీదుగా వెళ్లాలి. మెరాక్ తర్వాత రోడ్డు సాగినకొద్దీ నడుం విరుగుతుంది. అనుమతుల నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు లేహ్‌లో కనుక్కోండి. ట్యాక్సీ ధరలు యూనియన్ అచ్చు వేసిన పట్టికలోవే, బేరం ఉండదు. మన ఊళ్ల ప్రీపెయిడ్ సిమ్ పని చేయదు, పోస్ట్‌పెయిడ్ కూడా చాలా చోట్ల మొండికేస్తుంది. నేను దిగిన హోమ్‌స్టేలో బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) ఉన్న ఒక్క గది, బయట మరుగుదొడ్డి, వేడివేడి థుక్పా (నూడుల్స్ సూప్). అంత ఎత్తులో అంతకంటే కోరుకోవడం అత్యాశ. ఇంటావిడ మాట్లాడింది తక్కువ, వడ్డించింది ఎక్కువ.

1962 నవంబరు 18న చుషుల్ దగ్గరి రెజాంగ్ లా కనుమలో 13 కుమావూన్ బెటాలియన్‌లోని సి కంపెనీ చైనా సేనను ఎదిరించింది. దాదాపు 120 మంది, ఎక్కువగా హర్యానా నుంచి వచ్చిన అహీర్ రైతు బిడ్డలు. మధ్యలో గుట్ట అడ్డం ఉండటంతో వెనకనుంచి ఫిరంగుల సాయం అందే వీలే లేదు. చేతుల్లో పాత .303 రైఫిళ్లు, గడ్డకట్టే చలి. 110 మందికి పైగా అక్కడే ప్రాణాలు విడిచారు. బతికి బయటపడ్డ కొద్దిమంది జరిగింది చెబితే నమ్మినవాళ్లు లేరు. పారిపోయి వచ్చారన్న మాట కూడా పడ్డారు. మంచు కరగకముందే, 1963 మొదట్లో, ఓ లద్దాఖీ పశువుల కాపరి ఆ కందకాలను చూశాడు. అప్పుడుగానీ నిజం బయటికి రాలేదు. చాలామంది ఆయుధం చేతబట్టే ఉన్నారు. మోర్టార్ వాడే సిపాయి చేతిలో ఇంకో బాంబు. వెయ్యి మోర్టార్ బాంబుల్లో మిగిలినవి ఏడు. వైద్య సహాయకుడి చేతిలో సిరంజి, కట్టుగుడ్డ.

ఆ కంపెనీని నడిపిన మేజర్ షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీరచక్ర వచ్చింది, ఆయన దానికి పూర్తిగా అర్హుడు. కానీ నన్ను వదలనిది ఆ వైద్య సహాయకుడే. అతని పని కాల్చడం కాదు. అందరూ కాలుస్తుంటే అతను సూది ఎక్కిస్తూ పోయాడు. ఇలాంటి ధైర్యానికి సాక్షి ఎవరు? జరిగింది చెప్పాలంటే చూసినవాడు బతికి ఉండాలి కదా. ఆ మంచు నిలవకపోతే మనకు ఇంత కూడా తెలిసేది కాదు.

2021 నవంబరులో చుషుల్‌లోని ఈ రెజాంగ్ లా స్మారకాన్ని తిరిగి తీర్చిదిద్దారు. పలక మీద మేజర్ పేరుతోపాటు సిపాయిల పేర్లూ ఉన్నాయి, సందర్శకులు తక్కువ కాబట్టి ఒక్కొక్కటీ తీరిగ్గా చదవవచ్చు. నా లెక్కలో మూడింటిలో ఇదే మొదటి స్థానం.

ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇండియా గేట్ పక్కనే, ఇదీ ఉచితమే. త్యాగ చక్రం గోడల మీద దాదాపు 26,000 పేర్లు, వాటిలో సిపాయిలే ఎక్కువ. నిర్వహణకు వంక పెట్టలేం. అయితే అన్ని పేర్ల మధ్య ఒక్క మనిషిని పట్టుకోవడం కష్టమే. సాయంత్రం ఒక అమర జవాను కుటుంబం వచ్చి పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం ఉంటుంది, అది చూసేలా సూర్యాస్తమయానికి ముందే వెళ్లండి. మధ్యాహ్నం వెళితే పాదాలు కాలడం తప్ప దక్కేదేమీ ఉండదు.

సెలవు తక్కువగా ఉన్నవాళ్లకు ఢిల్లీ చాలు. వారం పైన ఉంటే ద్రాస్. చుషుల్‌కు మాత్రం గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.