రిలీఫ్, సప్లై: రెండు తెరచాప సరుకు ఓడలు

యుద్ధం అనగానే ఫిరంగుల ఓడలే గుర్తొస్తాయి. వాటికి తిండీ సరుకులూ మోసిన ఓడలను తలచుకునేవారు తక్కువ. అమెరికా నౌకాదళంలో అలాంటివే ఈ రెండూ.

రిలీఫ్‌ను సరుకు రవాణాకే ప్రత్యేకంగా కట్టారు. 1836లో ఫిలడెల్ఫియాలో నీళ్లలోకి దిగింది. కానీ నడక మందకొడి. 1838లో నౌకాదళ అధికారి విల్క్స్ నడిపిన సముద్ర అన్వేషణ యాత్రతో బయలుదేరితే, మిగతా ఓడలకు అడ్డమవుతోందని మరుసటి ఏడాదే వెనక్కి పంపేశారు.

సప్లై కథ వేరు. మెక్సికో యుద్ధం కోసం 1846లో కొన్న ఓడ అది. మెక్సికో రేవు వెరాక్రూజ్‌ను ముట్టడించిన నౌకలకు సరుకులు అందించింది. తర్వాత డేవిడ్ డిక్సన్ పోర్టర్ నాయకత్వంలో మధ్యధరా తీరాల నుంచి అమెరికా సైన్యం కోసం ఒంటెలను ఎక్కించుకుని 1856లో టెక్సాస్ చేర్చింది. తుఫాను సముద్రంలో ఒంటెలను ప్రాణాలతో తేవడం మాటలా! అమెరికా అంతర్యుద్ధంలో, 1862 జనవరి 29న, ఫ్లోరిడా తీరాన దక్షిణాది సైన్యానికి ఆయుధాలు తీసుకెళ్తున్న స్టీఫెన్ హార్ట్ అనే స్కూనర్‌ను (ఒక రకం తెరచాప ఓడను) పట్టేసింది. సరుకు ఓడ వేటాడిందన్నమాట!

రిలీఫ్ కూడా ఆ రెండు యుద్ధాల్లోనూ పనిచేసింది. ఓపికలో తక్కువేమీ కాదు. అయినా నా ఓటు సప్లైకే. రిలీఫ్‌ను 1883లో, సప్లైని 1884లో అమ్మేశారు.